చిన్నమ్మ, ఎం.ఏ.

నా కూతురు నన్ను మొదటిసారి "చిన్నమ్మా" అని పిలిచిన రోజు ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను కూడా. మా ఇంట్లో జోకులేసే ఉద్యోగం నాది కాబట్టి ఎవరేమన్నా ముందు నవ్వవలసిన బాధ్యత నాదే. ఆ నవ్వు అయిపోయాక వంటింట్లోకి వెళ్ళి, ఆ పూట చారు అక్కరలేకపోయినా చింతపండు నానేశాను. చింతపండు పిసికేటప్పుడు మొహం ఎలా పెట్టుకున్నా ఎవరూ కారణం అడగరు.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. ఉన్న గదులు తక్కువ, ఉండే మనుషులు ఎక్కువ. అత్తమ్మ, బావగారు, ఆయన భార్య, వాళ్ళ ఇద్దరు కొడుకులు, మా ఆయన, నేను, మా అమ్మాయి. బావగారి భార్య వరసకు నాకు యారాలు. నేను "అక్కా" అంటాను. ఇందులో నేను ఎవరిని చూసి కుళ్ళుకున్నానో ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు తేలిక కాబట్టి చెప్పేస్తున్నాను: ఆవిడను చూసే. ఆవిడ ఏ తప్పూ చేయలేదు. వచ్చిన చిక్కంతా అదే. తప్పు చేసినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు, హాయిగా ఉంటుంది. మంచివాళ్ళను చూసి కుళ్ళుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

బి.ఏ. అయిపోగానే పెళ్ళయింది. పెళ్ళవగానే ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఉద్యోగం కుదురుకోగానే పిల్ల పుట్టింది. అన్నీ రేషన్ దుకాణం ముందు మనుషుల్లాగా వరసలో నిలబడి వచ్చాయి. ఆ వరసలో ఎం.ఏ. లేదు. అది మధ్యలో దూరింది.

ఒక ఆదివారం పిల్లకు చెప్పులు కొందామని ఆబిడ్స్ వెళ్ళాను. మూసి ఉన్న కొన్ని దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఊరికే ఒకటి తీశాను. మధ్యయుగాల చరిత్ర. పేజీల అంచుల్లో ఎవరో పచ్చ సిరాతో రాసుకున్నారు: "ఇది పరీక్షకు ముఖ్యం." అక్కడే నిలబడి ఆ అంచులన్నీ చదివాను. ఆ ఎవరో అంటే నాకు చెప్పలేనంత అసూయ పుట్టింది. పరీక్షకు ముఖ్యమైనది ఒకటి ఉందట ఆ మనిషికి! నాకు ఆ వారంలో ముఖ్యమైనవి కిరసనాయిలు, ఇస్త్రీ బట్టలు, పిల్ల దగ్గు. పుస్తకం కొనుక్కొని ఇంటికి వచ్చాను. చెప్పులు గుర్తు రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం బయటపెట్టాను. ఆబిడ్స్‌లో ఒక సాయంత్రం కాలేజీలో ఎం.ఏ. ఉందని, ఉద్యోగం మానక్కరలేదని, రెండేళ్ళేనని.

"చదివినంక ఏం జేస్తవ్?" అన్నది అత్తమ్మ. "మల్ల గా దఫ్తరుకే పోతవ్ గదా?"

"ఔ అత్తమ్మా. గని అప్పుడు తల ఎత్తుకొని పోత."

"ఇప్పుడు దించుకొని పోతున్నవా? మొన్న గల్లీ కొస దాంక నీ నవ్వే ఇనవడ్డది."

బావగారు పేపరు వెనకనుంచి "మంచిదే" అన్నారు. ఆయన పేపరు వెనక ఉన్నంతసేపు అన్నీ మంచివే. ముందు రోజు బియ్యానికి పురుగు పట్టిందంటే కూడా మంచిదే అన్నారు. మా ఆయన మాత్రం మెతుకులు కలుపుతూ "మరి పిల్ల?" అన్నాడు. అందరూ నావైపు చూశారు. నేను దీపం వైపు చూశాను.

"పిల్లకేమైంది?" అన్నది అక్క, నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేస్తూ. "నేను లేనా? గీ రెండు కోతుల్ని సాకిన, ఇదొక లెక్కనా? పో చెల్లె, పోయి చదువుకో. ఫికర్ జెయ్యకు."

అలా ఆవిడ నాకు ఎం.ఏ. ఇప్పించింది. ఆ మాట ఆవిడ అనకపోతే నాకు చదువూ లేదు, ఈ కడుపుమంటా లేదు.

మర్నాడు దఫ్తరులో చెబితే మా హెడ్‌క్లర్కు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎం.ఏ. జేసి నా కుర్సీల కూసుందామనా ఏందమ్మా?" అన్నాడు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద మడత పెట్టిన అట్టముక్క ఉంటుంది. "లేదు సార్, ఆ అట్టముక్క మార్పిద్దామని" అన్నాను. తర్వాత వారం పాటు పాత ఫైళ్ళన్నీ నా బల్ల మీదికే వచ్చాయి. హాస్యానికి ఆ దఫ్తరులో విలువ ఎక్కువ.

రోజు ఇలా గడిచేది. తెల్లవారి లేచి అక్కా నేనూ చెరి సగం వంట. పిల్ల నిద్రలో ఉండగానే దఫ్తరు. దఫ్తరు వదలగానే చాయ్ తాగీ తాగకుండా ఆబిడ్స్ వైపు నడక. బస్సెక్కవచ్చు గాని, ఆ వేళప్పుడు బస్సులో దొరికే చోటు కంటే రోడ్డు మీద దొరికేదే ఎక్కువ. ఇరానీ హోటళ్ళ ముందు మగవాళ్ళు ఒక్క చాయ్ ముందు పెట్టుకొని గంటసేపు ప్రపంచం బాగుచేసేవాళ్ళు. వాళ్ళను చూసినా కుళ్ళే. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయిని చూస్తే ఇంకా ఎక్కువ. హిమాయత్‌నగర్ పిల్ల, పెళ్ళి కాలేదు. గంజి పెట్టిన చీర, విడివిడిగా పదును పెట్టిన పెన్సిళ్ళు. ఒకరోజు నాతో, "నిన్న మధ్యాహ్నం ఏమీ తోచక రెండు చాప్టర్లు చదివేశానండీ" అన్నది. ఏమీ తోచకపోవడం అనే సంగతి ఒకటుందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. నా మధ్యాహ్నాల్లో అన్నీ తోచేవి, అన్నీ ఒకేసారి తోచేవి.

చరిత్ర మేష్టారు సింహాసనాల గొడవల గురించి చెప్పేవాడు. ఒకడు అన్నను చంపాడు, ఇంకొకడు తండ్రిని కోటలో పెట్టి తాళం వేశాడు. మిగతావాళ్ళు అయ్యో పాపం అనుకుంటూ నోట్సు రాసుకునేవాళ్ళు. నేను మాత్రం, ఇంత గొడవ పడే బదులు ఆ అన్న కొంచెం చెడ్డవాడై ఉంటే బాగుండేది కదా అనుకునేదాన్ని.

ఎందుకంటే అప్పటికే ఇంట్లో పరిస్థితి చేయి దాటింది. నేను క్లాసునుంచి వచ్చేసరికి పిల్ల అక్క ఒళ్ళో నిద్రపోయి ఉండేది. నా బిడ్డ గురించిన సంగతులు నాకు రేడియో వార్తల్లాగా అందేవి. అక్క నాకు అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టేది.

"ఇయ్యాల నీ బిడ్డ ఏం జేసిందో తెల్సా? రైలు కూతేసిందని అదిగూడ కూతేసింది. గల్లీల కుక్క బెదిరింది."

"అవునా?"

"నిన్న అన్నం తినకుంట సతాయించింది. సందమామ లేడని సెప్పిన. ఏడికి పోయిండు అన్నది. దఫ్తరుకు పోయిండన్న. ఊకుంది, తిన్నది."

ఆ వార్తలు వినకపోతే నాకు అన్నం దిగేది కాదు. వింటే అరిగేది కాదు. మొదటి పళ్ళు, మొదటి పరుగు, మొదటి అబద్ధం, అన్నీ ఆవిడ చూసింది. నాకు సారాంశం అందింది. చదివేది చరిత్రే కదా, జరిగిపోయినదాన్ని ఇతరుల నోట వినడం అలవాటు చేసుకోవాలని నాకు నేనే చెప్పుకున్నాను. నా జోకులకు నేను నవ్వను. అది మానేసి చాలా రోజులైంది.

రెండో ఏడు మొదలయ్యేసరికి పిల్లకు మాటలు బాగా వచ్చేశాయి. వచ్చిన మాటల్లో "అమ్మ" అక్కకు పోయింది. నాకు "చిన్నమ్మ" మిగిలింది. బావగారి పిల్లలు అక్కను అమ్మ అంటారు, నన్ను చిన్నమ్మ అంటారు. పగలంతా వాళ్ళ మధ్య ఉండే పిల్ల అదే పట్టుకుంది. పిల్ల తప్పు లేదు. పిల్లల తప్పు లేదు. అక్క తప్పు అసలే లేదు. ఎవరి తప్పూ లేని నేరంలో శిక్ష మాత్రం నాకు పడింది.

"ఏం గాదు తియ్యి" అన్నది అత్తమ్మ. "గీ ఇంట్ల గిట్లనే. నీ మొగుడు నన్నేమంటడు?"

అవును, చెప్పడం మరిచిపోయాను. మా ఆయన తన కన్నతల్లిని "వదినా" అంటాడు. మా మామగారి తమ్ముళ్ళు నలుగురూ ఈ ఇంట్లోనే ఉండి, పొద్దస్తమానం వదినా నీళ్ళు, వదినా అన్నం అంటూ ఉంటే పిల్లాడు అదే పేరనుకొని అదే పట్టుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన "వదినా, చాయ్" అని కేకేస్తే ఈ పెద్దావిడ లేచి వెళ్ళడం చూసి, ఈ ఇంట్లో నాకు తెలియని యారాలు ఇంకెవరో ఉన్నారనుకున్నాను. ఆ కథ నేను మా దఫ్తరులో చాలాసార్లు చెప్పి నవ్వించాను. ఇప్పుడు లెక్క వేసుకుంటే, అది పిల్లతనంలో పోలేదు. మీసాలు వచ్చినా పోలేదు, పెళ్ళయినా పోలేదు. నా బతుకూ ఇంతేనా? ఈ పిల్ల రేపు దాని పెళ్ళి పందిట్లో నన్ను చూపించి "ఈమె మా చిన్నమ్మ" అంటుందా?

"పిలుపుల ఏమున్నది?" అన్నాడు మా ఆయన. "కన్నది నువ్వే గదా."

"మీకు తెల్సు, నాకు తెల్సు. దానికి తెల్వాలె గదా."

"పెద్దయినంక తెలుస్తది."

"మీరు పెద్దగైన్రు గదా, మరి వదిన ఇంకెప్పుడు అమ్మయితది?"

ఆయన దిండు తిప్పుకొని పడుకున్నాడు. చల్లని వైపు కోసం తిప్పుకున్నట్టు నటించాడు.

నేను ఊరుకోలేదు. ఆబిడ్స్‌లో ఒక బేకరీ ఉంది. అక్కడ వేడివేడిగా దిగే ఉస్మానియా బిస్కెట్లు కాగితపు పొట్లంలో కట్టించుకొని, ఆ రోజు చివరి క్లాసు ఎగ్గొట్టి ఇంటికి వచ్చాను. పిల్ల మెలకువగా ఉంది. దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"అమ్మా అను. బిస్కెట్ ఇస్త."

అది బిస్కెట్ చూసింది. నన్ను చూసింది. బిస్కెట్ చూసింది.

"అమ్మా" అన్నది.

నా గుండె ఎక్కడికో పోయింది. బిస్కెట్ ఇచ్చాను. అది లేచి, పడుతూ లేస్తూ వంటింట్లోకి పరుగెత్తి, "అమ్మా, సిన్నమ్మ బిక్కెట్ ఇచ్చింది" అని సగం కొరికి అక్క నోట్లో పెట్టింది. అక్క తిన్నది. "బాగున్నయ్ చెల్లె, ఏడ కొన్నవ్?" అని కూడా అడిగింది. చెప్పాను. ఇంకేం చెప్పాలి?

ఆ తర్వాతిది చలికాలంలో. నాంపల్లిలో నుమాయిష్, అంటే ఏటా జరిగే ఎగ్జిబిషన్, మొదలైతే మా గల్లీలో ఎవరూ ఇంట్లో ఉండరు. ఒక శనివారం నేను కాలేజీ మానేసి, అక్కతో, ముగ్గురు పిల్లలతో బయలుదేరాను. గేటు దాటగానే నేను చేసిన మొదటి పని, అక్క చంకలోనుంచి పిల్లను తీసుకోవడం. "ఇయ్యాల నేను ఎత్తుకుంట" అన్నాను. "బరువుంటది" అన్నది అక్క. "నేను మొయ్యనా?" అన్నాను. మామూలుగా అనాలనుకున్నాను. కొంచెం గట్టిగా వచ్చింది.

కాశ్మీరు శాలువాల దుకాణం ముందు మగపిల్లలిద్దరికీ దాహం వేసింది. అక్క వాళ్ళను తీసుకొని నీళ్ళ పంపు వైపు వెళ్ళింది. పిల్ల "అమ్మా, అమ్మా" అని నా చేతుల్లో గింజుకుంది. అంతమందిలో ఎత్తుకోలేక కిందికి దించి వేలు పట్టుకున్నాను. శాలువావాడు ఒక శాలువా దులిపి నా మొహం ముందు పరిచాడు. ఆ శాలువా తొలగేసరికి నా వేలు ఖాళీగా ఉంది.

తర్వాత తెలిసింది, అక్క చీరలాంటి ఆకుపచ్చ చీర ఒకటి జనంలో కనబడితే దాని వెనక పరుగెత్తిందట. అప్పటికి నాకేమీ తెలియదు. నేను ఏ దుకాణంలో దూరానో, ఎవరి కాళ్ళు తొక్కానో తెలియదు. అక్క ఎదురై, నా మొహం చూసి, ఒక్క మాట అడగలేదు. మగపిల్లలిద్దరి రెక్కలూ పట్టుకొని నాతోపాటు పరుగెత్తింది. ఆ సమయంలో కూడా నేను ఏమనుకున్నానో చెబితే మీరు నమ్మరు. ఈవిడ చేతిలో ఉంటే తప్పిపోయేది కాదు అనుకున్నాను.

మైకులో ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పారు. గులాబీ గౌను, రెండు పిలకలు, పేరు అడిగితే "బిడ్డ" అంటోంది, తల్లి పేరు అడిగితే "అమ్మ" అంటోంది, తల్లి వెంటనే రావలెను. ఆ డేరా దగ్గరికి మేమిద్దరం ఒకేసారి చేరాం. లోపల బల్ల మీద నా కూతురు కాళ్ళు ఊపుకుంటూ పల్లీలు తింటోంది. చొక్కాకు గుండ్రటి బిళ్ళ పెట్టుకున్న ఒకాయన దాని పక్కన నిలబడి ఉన్నాడు.

"పిల్ల తల్లి ఎవరు?"

"నేనే" అన్నాను.

"అమ్మా!" అన్నది నా కూతురు, రెండు చేతులూ అక్కవైపు చాచి.

బిళ్ళ ఆయన నావైపు చూశాడు. అంతవరకూ దొంగలను పేపర్లో చూసి ఉంటాడు, ఇప్పుడు ఎదురుగా చూస్తున్నాడు. "ఈమె ఎవరు బిడ్డా?" అని పిల్లను అడిగాడు.

"సిన్నమ్మ."

"అయ్యా, తల్లి ఆమెనే" అన్నది అక్క. "నేను పెద్దమ్మను. పొద్దంత నా కాడ ఉంటది, అందుకనే..."

"పిల్ల అబద్ధం చెప్తదా అమ్మా?" అన్నాడాయన. "తల్లికి దప్ప ఎవ్వరికీ ఇయ్యద్దని ఆర్డర్ ఉన్నది మాకు. జర ఆగున్రి, పెద్దసారును పిలుస్త."

మా వెనక ఇంకో ఇద్దరు తల్లులు ఏడుస్తూ నిలబడ్డారు. ఉమ్మడి కుటుంబంలో ఎవరిని ఎవరు ఏమని పిలుస్తారో, ఎందుకు పిలుస్తారో ఆయనకు వివరించాలంటే మా చరిత్ర మేష్టారు రావాలి. ఉన్న ఒక్క సాక్షీ పల్లీలు నములుతూ నాకు వ్యతిరేకంగా చెప్పేసింది. పిల్ల పెదవి వణకడం మొదలైంది. ఇంకాసేపైతే ఏడుస్తుంది.

"లేదు సార్, నేను చిన్నమ్మనే" అన్నాను. "పిల్లను మా అక్కకు ఇయ్యండి."

ఆయన సంతోషించాడు. "ముందే గట్ల చెప్తే అయిపోతుండె గదా" అన్నాడు. పిల్లను అక్కకు ఇచ్చాడు. నాకు రెండు పల్లీలు దొరికాయి, పిల్ల ఒళ్ళోనుంచి రాలినవి.

రిక్షాలో ఇంటికి వస్తూ అక్క పిల్ల గౌను మీది పల్లీ పొట్టు దులుపుతూ కూర్చుంది. నేను జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మగపిల్లలు దానికే భయపడి చప్పుడు చేయకుండా కూర్చున్నారు.

మర్నాడు పొద్దున అత్తమ్మ దగ్గర కూర్చొని చెప్పేశాను. పరీక్షలు రాయను, కాలేజీ మానేస్తాను, సాయంత్రం పూట ఇంటికి వచ్చేస్తాను అని. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నీ మొగుడు నన్ను వదినా అని పిలిచిన మొదటి రోజు నేను బాయి కాడ నీళ్ళు చేదుతున్న" అన్నది. "కోపంతోటి చేంతాడు ఇడిసిన. బొక్కెన మునిగింది. మా మామ నన్ను దినమంత తిట్టిండు. ఫాయిదా ఏమైంది? బొక్కెన పోయె, వదిన ఉండె."

"అంటే కోపమొచ్చిందన్న మాట. మొన్న ఏం గాదు తియ్యి అన్నవ్?"

"రాదా మరి? వాడు మా అత్తను అమ్మా అంటుండె. ఆమె ముందట నోరు తెరుస్తనా? ఒక్క మాట అడిగి ఉంటే అయిపోతుండె. నోరు రాలే." ఇంకో కాయ విరిచింది. "నీకు నోరున్నది గదా. గల్లీల అందరి మీద జోకులు వేస్తవ్. గీడ ఎందుకు రాదు?"

నోరు ఎందుకు రాదంటే, అడగడానికి ముందు ఒప్పుకోవాలి. రెండేళ్ళుగా నా బిడ్డకు అన్నం పెట్టి, నాకు అన్నం పెట్టి, నా పుస్తకాల మీద దుమ్ము కూడా తుడిచిన మనిషి ముందు నిలబడి, నిన్ను చూస్తే నాకు మండుతుంది అని చెప్పాలి. దానికి జోకు రూపం దొరకలేదు. నేను వారమంతా వెతికాను.

మళ్ళీ ఆదివారం వచ్చింది. తలస్నానం చేసి ఎండలో కూర్చుంటే అక్క నా వెనక పీట వేసుకొని చిక్కు తీస్తోంది. ప్రతి ఆదివారం తీస్తుంది. ఆవిడ మొహం నాకు కనబడదు, నా మొహం ఆవిడకు కనబడదు. ఇంతకంటే మంచి సమయం రాదనుకున్నాను.

"అక్కా, ఒకటి అడగాల్నా?"

"అడుగు. పరీక్షల ప్రశ్న గాకుంటే సాలు."

"సాయంత్రం నేను రాంగనే పిల్లకు ఏమని చెప్తవ్?"

"ఏమంట? లే బిడ్డా, చిన్నమ్మ వచ్చింది అంట."

దువ్వెన ఆగిపోయింది. ఆ మాట ఆవిడకే వినబడినట్టుంది.

"మా పోరగాండ్లకు చెప్పి చెప్పి గట్లనే నోట్లెకెళ్ళి వస్తది" అన్నది మెల్లగా. "కావాలని కాదు చెల్లె."

"నాకు తెల్సు. ఇగ నుంచి అమ్మ వచ్చింది అని చెప్పు, జర. మొన్న నుమాయిష్‌ల నా పానం పోయింది అక్కా. ఒక్క దినం కాదు, దినాం పోతున్నది. నువ్వు దానికి తినిపిస్తుంటే చూడలేకపోతున్న."

చెప్పేశాను. గోడ మీద కాకి ఒకటి వచ్చి కూర్చుని, మా ఇద్దరినీ చూసి, లాభం లేదనుకొని వెళ్ళిపోయింది.

"మరి నేనేం గావాలె దానికి?"

"పెద్దమ్మవు."

"పెద్దమ్మ." ఆ మాటను నోట్లో పెట్టి రుచి చూసినట్టు అన్నది. "ముసల్దాన్ని లెక్క ఉన్నది."

"చిన్నమ్మ అంటే నేనేమన్న పడుచుదాన్ని అవుతున్ననా?"

నవ్వింది. నవ్వుతూ జడ మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. "పోరగాండ్లు బడికి పోతరు. మీరందరు కొలువులకు పోతరు. అత్తమ్మ పండుకుంటది" అన్నది. "పగటీలి గీ ఇంట్ల నన్ను పిలిచేది అదొక్కతే. గదే పిలుపు."

దానికి అనవలసింది ఉంది కాని, అంటే అడిగింది వెనక్కి తీసుకోవలసి వస్తుంది. ఆ మాత్రం మంచితనం నాలో లేదు. ఆవిడ జడ బిగించింది. ఎంత బిగించిందంటే నా కనుబొమలు పైకి లేచాయి. మర్నాడు దఫ్తరులో హెడ్‌క్లర్కు, "ఏందమ్మా, పొద్దటినుంచి ఆశ్చర్యపోతున్నవ్?" అని అడిగాడు.

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. ఆ సాయంత్రం నేను క్లాసు నుంచి వచ్చేసరికి పిల్లను మేలుకొలిపి చంకనేసుకొని గుమ్మంలో నిలబడి ఉంది.

"అగో, చూడు బిడ్డా, మీ అమ్మ వచ్చింది" అన్నది, నలుగురికీ వినబడేట్టు.

పిల్ల నన్ను చూసింది. తర్వాత మెడ సాగదీసి, నా భుజం మీదుగా, నా వెనక ఎవరొచ్చారా అని గల్లీలోకి చూసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేనూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

కాలేజీ మానలేదు. మానడానికి ఉన్న కారణం అక్కకు చెప్పేశాను కదా, ఇంక మానడానికి మొహం లేదు. పరీక్షల ముందు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఆ వారాల్లో అక్క నా గదివైపు పిల్లను పంపేది, తనే పంపేది. "పో, మీ అమ్మ కాడికి పో. పుస్తకం చింపకు." పిల్ల వచ్చేది, ఒక పేజీ చింపేది, "పెద్దమ్మా" అనబోయి "అమ్మా" అని, "అమ్మా" అనబోయి "చిన్నమ్మా" అని, ఎవరిని ఏమనాలో తెలియక చివరికి చీర కొంగు పట్టుకొని లాగడం నేర్చుకుంది. కొంగుకు వరసలు లేవు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

పరీక్షలు మొదలయ్యే ముందటి మధ్యాహ్నం. నేను వాకిట్లో నీడకు పుస్తకం పట్టుకొని కూర్చున్నాను. అక్క రెండడుగుల దూరంలో చాటలో బియ్యం ఏరుతోంది. పిల్ల లోపల నిద్రపోతోంది. ఎండ, నిశ్శబ్దం. స్టేషన్లో ఏదో బండి ఆవిరి వదులుతోంది.

"అమ్మా!" అని లోపలినుంచి కేక వచ్చింది.

"ఆఁ" అన్నాం ఇద్దరం.

ఒకేసారి అన్నాం. ఒకరినొకరం చూసుకున్నాం. ఆ కేక ఎవరికో నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. నిద్రలేచిన పిల్ల ఎవరిని పిలుస్తుందో తెలుసుకోవడానికి ఎం.ఏ. అక్కరలేదు.

అక్క చేతులు చాట అంచు మీద బిగుసుకున్నాయి. కాళ్ళు లేవడానికి సిద్ధమైనట్టు కొంచెం కదిలాయి. తర్వాత ఆగిపోయాయి. ఆవిడ చాటలోకి వంగి, ఒక రాయి తీసి, గోడవతలికి విసిరింది. అది రాయి కాదు, మంచి బియ్యపుగింజే. నేను చూశాను.

"పిలుస్తున్నది గదా" అన్నది, తల ఎత్తకుండా. "పోరాదూ?"

నేను లేచి లోపలికి వెళ్ళాను. పిల్ల మంచం మీద కూర్చుని కళ్ళు నలుపుకుంటోంది. నన్ను చూసింది. గుమ్మం వైపు చూసింది. ఇంకెవరూ రాకపోవడం చూసి, సరే అన్నట్టు రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తుకున్నాను. వేడిగా, బరువుగా ఉంది. నా భుజం మీద తల పెట్టింది గాని, మొహం మాత్రం వాకిలి వైపు తిప్పి పెట్టింది.

కిటికీలోనుంచి అక్క కనబడుతోంది. ఇంకా వంగే ఉంది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. నాకు ఆ పరీక్ష ఇస్తే తప్పేదాన్ని. పిల్ల అలా పిలుస్తుంటే, ఆ పిలుపు నాదని తెలిసి కూడా, కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఉండడం నాకు చచ్చినా చేతకాదు. దానికి కూడా ఆవిడను చూసి కుళ్ళుకున్నాను.